దసరాకు సీతజడ: గింజ నుంచి మూడడుగుల మొక్క

నమస్తే అండీ. అరచేతిలో నల్లగా నిగనిగలాడుతున్నాయి చూడండి, ఇవే సీతజడ గింజలు. కోడిజుట్టు పువ్వు అన్నా ఇదే. బతుకమ్మలో పేర్చే గునుగుదీ దీనిదీ ఒకే జాతి. పువ్వు కోతకు రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కాబట్టి, దసరాకు కావాలంటే జులై మొదట్లోనే నారు పోయాలి.

నారు ట్రేలో సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), సగం వర్మీకంపోస్టు. చిటికెడు గింజలకు గుప్పెడు పొడి ఇసుక కలిపి చల్లండి, లేకపోతే అన్నీ ఒకేచోట పడతాయి. పైన జల్లించిన మట్టి గింజ కనపడకుండా పోస్తే చాలు. మగ్గుతో నీళ్లు పోయకండి, గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. స్ప్రే సీసాతో తడపండి. వారం, పది రోజుల్లో మొలుస్తాయి.

ఈ మొక్కను దగ్గరగా చూడండి. మట్టిని ఆనుకున్న చోట కాడ నల్లబడి, దారంలా సన్నబడి పడిపోయింది. ఇది నారుకుళ్ళు. వానల్లో తడి ఎక్కువై, నారు ఒత్తుగా ఉంటే వస్తుంది. ఆ చుట్టుపక్కల నారు మట్టితో సహా తీసేసి, ట్రేని గాలి ఆడేచోట పెట్టండి.

ఇక అసలు సంగతి. "మా సీతజడ జానెడు కూడా పెరగకుండానే పువ్వేసింది" అంటుంటారు. విత్తనం మంచిది కాదని తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు మనదే. నారు ట్రేలోనే ముదిరి వేర్లు చుట్టుకుపోయినా, ఒకట్రెండుసార్లు బాగా వాడిపోయినా, మొక్క ఇక పెరగడం మానేసి చిన్న పువ్వు పెట్టేస్తుంది. తర్వాత ఎంత ఎరువేసినా లేవదు. అందుకే నాలుగైదు ఆకులు రాగానే, సాయంత్రం పూట, వేరు మట్టి చెదరకుండా నాటేయండి. 12 అంగుళాల కుండీకి ఒకటి, నేలలో అయితే అడుగు దూరం. రోజంతా ఎండ తగలాలి. బంతికి తుంచినట్టు దీని తల తుంచకండి, పెద్ద జుట్టు రాదు.

యూరియా జోలికి పోకండి, కాడ మెత్తబడుతుంది. నాటినప్పుడే పక్కన కర్ర పాతి, ఎదిగేకొద్దీ వదులుగా కట్టండి. వానకు పువ్వు నీళ్లు పట్టి బరువెక్కి మొక్క ఒరిగిపోతుంది; వాన వెలిశాక ఓసారి దులపండి.

విత్తనం పువ్వు పైముడతల్లో వెతక్కండి, కింద మెడ దగ్గర ఉంటుంది. పువ్వు ఎండాక కాగితం మీద నలపండి. పక్కనే గునుగు ఉంటే మాత్రం ఆ గింజ దాచకండి, రెండింటి పుప్పొడి కలిసిపోయే అవకాశం ఉంది.