పెంటకుప్ప దగ్గర పోతున్న ఎరువు
(యవత్మాల్ జిల్లా పాటన్‌బోరీలో తెలుగు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అన్నలకు, అక్కలకు, ఊరి పెద్దలకు దండాలు.

పెన్‌గంగకు అవతల ఆదిలాబాద్‌లో కూర్చున్నా, ఇవతల మన కేళాపూర్ తాలూకాలో కూర్చున్నా ఒకటే మాట. "ఎడ్లు పోయినయి, ట్రాక్టర్లొచ్చినయి, ఇగ పెండ ఏడ దొరుకుతది?" మాట నిజమే. మరి ఉన్న పెండ సంగతేమిటి? ఒక ఆవు రోజుకు పది కిలోల దాకా పెండ వేస్తుంది. రెండు పశువులున్న ఇంట్లో ఏడాదికి ఏడు టన్నుల పచ్చి పెండ. అందులో ఎక్కువ భాగం నీళ్లే అనుకున్నా, పొలానికి చేరేది మరీ ఒకటి రెండు బండ్లేనా? కొంత పిడకలై పొయ్యిలోకి పోతుంది. వంట చెరకు లేని ఇంట్లో దాన్ని తప్పుపట్టలేం. మిగతాదంతా ఎండకు ఎండి, వానకు కారి వాగులో కలుస్తోంది.

పెండ కన్నా మూత్రం నష్టం పెద్దది. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో ఎక్కువ పాలు మూత్రంలోనే బయటికొస్తాయి. పొద్దున కొట్టంలో అడుగుపెట్టగానే ముక్కుకు కొట్టే ఆ ఘాటు ఉంటుంది చూడండి, అది అమ్మోనియా. బస్తాలో డబ్బిచ్చి కొనుక్కొచ్చే నత్రజనే అక్కడ గాలికి పోతోంది. రాత్రి పశువుల కింద సోయా కుటారో (సోయా పొట్టు), ఎండు గడ్డో, పొడి మట్టో పరవండి. తడిసినదాన్ని పొద్దునే ఎత్తి గుంతలో వేయండి. ఖర్చు లేదు, పని మాత్రం ఉంది. ఆ పని మన ఇళ్లలో ఆడవాళ్లదే అని నాకు తెలుసు. సలహాలు వినడానికి మాత్రం మగవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు!

ఇక లెక్క. బాగా మాగిన పశువుల ఎరువు టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైన. అంటే నాలుగు టన్నులు మోస్తే ఒక బస్తా. "అయితే బస్తానే తెచ్చుకుంటే పోలేదా కాకా?" అని కుర్రాళ్లు అడుగుతారు, అడగాల్సిందే. కానీ బస్తాలో కర్బనం ఉండదు. నల్లరేగడి నోళ్లు తెరిచి పగుళ్లివ్వకుండా, నాలుగు రోజులు వాన మొహం చాటేసినా తేమ పట్టి ఉంచేది కర్బనమే. మొదటి ఏడాదే యూరియా మొత్తం మానేయమని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లను నమ్మకండి కూడా.

పెండ తక్కువున్నవాళ్లకు దారి చూపినాయన మన జిల్లావాడే. పుసద్‌కు చెందిన పాండరీపాండే, అందరూ నాడెప్ కాకా అని పిలిచేవారు. ఆయన పద్ధతిలో వంద కిలోల పెండ చాలు. పది అడుగుల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు ఇటుక తొట్టి కట్టాలి. గాలి ఆడాలి కాబట్టి గోడల్లో మధ్య మధ్య ఇటుక వదిలేసి కంతలు ఉంచాలి. లోపల పెండనీళ్లు అలికి, అడుగున అరడుగు మందాన చెత్త, దాని మీద నాలుగు కిలోల పెండ కలిపిన నీళ్లు, ఆపైన రాళ్లు ఏరిన మట్టి యాభై అరవై కిలోలు. ఇలాగే వరసలు పేర్చుకుంటూ పోయి, గోడల పైకి అడుగున్నర లేచాక మట్టితో మూసి అలకాలి. రెండు మూడు వారాల్లో కుప్ప కిందికి దిగుతుంది, మళ్లీ నింపాలి. పగుళ్లొస్తే పెండతో పూడ్చాలి, తేమ ఆరనివ్వకూడదు. మూడు నాలుగు నెలల్లో ముదురు గోధుమ రంగు ఎరువు చేతికొస్తుంది. మూడు టన్నులొస్తుందని సంబరపడతారు గానీ, అందులో మీరు వేసిన మట్టే సగానికి పైగా ఉంటుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకునే ఎకరానికి లెక్క వేసుకోండి.

చెత్త అంటే మన దగ్గర పత్తి కట్టె, అదే పరాటి. గట్టున పేర్చి వదిలేస్తే దానికి అంటుకున్న ఎండు కాయల్లో పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది. తగలబెడితే కర్బనం పొగై పోతుంది. కట్టెను కోయకుండా అలాగే తొట్టిలో వేస్తే ఏడాదైనా కుళ్లదు, రెండంగుళాల ముక్కలు చేయాల్సిందే. నలుగురు కలిసి ముక్కలు చేసే యంత్రం అద్దెకు తెచ్చుకోండి.

పచ్చి పెండను నేరుగా పొలంలో వేసేవాళ్లకు ఒక మాట. దాని వెంట చెదలు, వేరుపురుగు, గడ్డి విత్తనాలు వస్తాయి. సరిగ్గా మాగే కుప్పలో వేడి 55, 60 డిగ్రీలకు చేరితే ఆ విత్తనాలు చాలావరకు చస్తాయి. వానపాముల ఎరువు చేసేవాళ్లు కూడా పెండను రెండు వారాలు చల్లారబెట్టాకే పాముల్ని వదలాలి. లేకపోతే ఆ వేడికి పాములే చస్తాయి.

మాగిన ఎరువును ఎండాకాలంలోనే బండ్లకెత్తి, పొలమంతా చిన్న చిన్న కుప్పలు పోసి మృగశిర దాకా వదిలేస్తాం. కుప్ప కింద చోట మాత్రం మొక్క ఏపుగా వస్తుంది, పక్కన పాలిపోతుంది. తోలిన రోజే చల్లి, ఆ రోజే దున్నండి.

మంద తోలించుకునే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని వదులుకోకండి. రాత్రంతా గొర్రెలు చేలోనే పడుకుంటే పెంటికతో పాటు మూత్రం కూడా నేలలోకే దిగుతుంది. మోసే పని లేదు, అలికే పని లేదు. గొల్లవాళ్లతో బేరం కోతలు అయ్యాక కాదు, ముందే మాట్లాడుకోండి. ఇక మీరు అడగండి, తొట్టి ఇటుకల ఖర్చు దగ్గర్నుంచి మొదలుపెడదాం.