తెరచాప పడవను నేల మీద నిలబెట్టడం ఇలా

అందరికీ నమస్తే. తిరుపతిలో పడవేంటి స్వామీ, ఏడుకొండలు ఎక్కిస్తారా అని అడుగుతున్నారు! ఇది చెన్నై పడవే. ఈశాన్య వానలు తగ్గేదాకా రేణిగుంట దగ్గర ఈ యార్డులో ఉంటుంది. మాస్ట్, అంటే తెరచాప కట్టే స్తంభం, దింపేశాం, గాలి తక్కువ పడుతుంది. స్లింగులు, అంటే పడవను ఎత్తే పట్టీలు, వేశారు, క్రేన్ ఎత్తింది, దించుతోంది... ఇది చూస్తుంటేనే తెలుస్తుంది, పోదాం.

ఇదిగో, అడుగున రెక్కలా దిగిందే, ఇది కీల్. బరువంతా దీని మీదే కూర్చోవాలి. కింద గట్టి తుమ్మ దిమ్మెలు పెట్టాం. సిమెంటు ఇటుకలు వద్దు, అవి చెప్పి పగలవు.

ఇక జాక్ స్టాండ్లు, అంటే తిప్పి బిగించే ఈ ఊతకాళ్లు. ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇవి పడవ ఒరగకుండా పట్టుకోడానికే. బరువు కీల్ మీద, మళ్లీ చెబుతున్నా, కీల్ మీద. స్టాండు పైనున్న ఈ ప్యాడ్ పడవకు ఆనిందా, కొంచెం బిగించండి, చాలు. ఇంకా తిప్పుతూ పోతే పడవ ఫైబర్ గోడ లోపలికి నొక్కుకుంటుంది. కేబిన్ తలుపు ఉన్నట్టుండి పట్టేస్తోందంటే ముందు స్టాండ్లనే అనుమానించండి.

మరి ప్యాడ్ ఎక్కడ ఆనాలి? వేళ్లతో కొట్టుకుంటూ రండి. ఇక్కడ... డబ్ డబ్. బోలుగా ఉంది కదా? వద్దు. ఇంకాస్త ఇటు... టక్ టక్. విన్నారా? లోపల అడ్డగోడ ఉంది. ఇక్కడే పెట్టాలి. నేనైతే రంగు టేపు అతికించేస్తా, మళ్లీ ఏడాది వెతుక్కునే పని ఉండదు.

ఎదురెదురు స్టాండ్లను కీల్ కింద నుంచి చైన్‌తో కలపండి, లేకపోతే పడవ ఊగినప్పుడు వాటి కాళ్లు బయటికి జారతాయి. కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్. మనది ఎర్రమట్టి, 2021 నవంబర్ వానలు గుర్తున్నాయిగా? నానితే కాలు దిగబడుతుంది.

టార్పాలిన్ తాడు మాత్రం స్టాండ్లకు కట్టొద్దండీ! గాలికి పట్టా లేస్తే స్టాండును లాక్కుపోతుంది. తాడును పడవ అడుగు నుంచి తిప్పి కట్టండి.

ముక్కు కాస్త ఎత్తులో ఉంచండి, వాననీళ్లు వెనక రంధ్రాల్లోంచి పోతాయి. వేపాకులు అడ్డం పడతాయి, తీసేస్తుండండి. పెద్ద వాన పడ్డ మర్నాడు ప్రతి స్టాండునూ చేత్తో కదిపి చూడండి. రంగు వేయడానికి ఏదైనా స్టాండు తీయాలంటే, పక్కన ఇంకోటి ఆనించాకే తీయాలి, అదీ ఒక్కొక్కటే.