కాగితం అడగని రేవు

శ్రోతలకు నమస్కారం.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో సొంత ఊళ్ళనుంచి తరిమివేయబడి, చైనాలోని షాంఘై నగరంలో తలదాచుకున్న యూదుల గురించి ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను. వాళ్ళ సంఖ్య 17 వేలకూ 20 వేలకూ మధ్య ఉంటుంది. యుద్ధం అనగానే మనకు బాంబులు, విమానాలు, తుపాకులు గుర్తొస్తాయి. ఈ మనుషులకు మాత్రం చావుకీ బతుక్కీ మధ్య నిలబడినది చాలాసార్లు ఒక కాగితం. దానిమీద ఒక ముద్ర, ఒక సంతకం.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో అడుగుపెట్టి, ఆ దేశాన్ని జర్మనీలో కలిపేసుకుంది. వియన్నాలో అప్పటికి లక్షన్నరకు పైగా యూదులున్నారు. డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు, దర్జీలు, సంగీత విద్వాంసులు. ఆ వారంలోనే వాళ్ళను ఇళ్ళలోంచి లాక్కొచ్చి, నడివీధిలో మోకాళ్ళమీద కూర్చోబెట్టి, గోడలమీదా రోడ్డుమీదా ఉన్న పాత రాజకీయ నినాదాలను బ్రష్షులతో తోమించారు. చుట్టూ జనం నిలబడి చూసి నవ్వారు. నిన్నటిదాకా పలకరించిన ఇరుగుపొరుగువాళ్ళు కూడా ఆ జనంలో ఉన్నారు.

పొగపెట్టడం కాదు, ముఖానే పొమ్మన్నారు. ఉన్న ఆస్తి రాసిచ్చేసి, పన్నులన్నీ కట్టి, చేతిలో 10 మార్కులతో దేశం విడిచిపోవచ్చు. అదే సంవత్సరం నవంబరు 9 రాత్రి జర్మనీ, ఆస్ట్రియాల్లో యూదుల ప్రార్థనాలయాలు తగలబడ్డాయి, దుకాణాల అద్దాలు పగిలాయి. దాదాపు 30 వేలమంది మగవాళ్ళను పట్టుకుపోయి డాఖావ్, బుఖెన్‌వాల్డ్ లాంటి నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. మా ఆయన ఫలానా దేశం వెళ్ళిపోతాడు, ఇదిగో ఆధారం అని భార్య కాగితం చూపిస్తే వదిలేవాళ్ళు. ఆ కాగితం కోసం ఆడవాళ్ళు ఒక రాయబార కార్యాలయం నుంచి ఇంకో రాయబార కార్యాలయానికి కాళ్ళరిగేలా తిరిగారు.

ఇచ్చేవాళ్ళెవరు? ఆ ఏడాది జులైలోనే, ఈ శరణార్థుల సంగతి తేల్చడానికని ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఒకరి తర్వాత ఒకరు లేచి సానుభూతి చెప్పారు. మా దగ్గర నిరుద్యోగం ఉందని ఒకరు, మా కోటా నిండిపోయిందని మరొకరు చేతులు దులుపుకున్నారు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

అప్పుడు ప్రపంచ పటంలో ఒకే ఒక్క చోటు మిగిలింది. వీసా లేకుండా ఓడ దిగగలిగిన రేవు, షాంఘై.

దానికి కారణం ఎవరి దయా కాదు. 19వ శతాబ్దంలో నల్లమందు యుద్ధంలో చైనా ఓడిపోయాక, షాంఘైలో కొంత భాగం విదేశీయుల చేతిలోకి వెళ్ళింది. ఒక ముక్క ఫ్రెంచివాళ్ళది. ఇంకో ముక్క అంతర్జాతీయ సెటిల్‌మెంటు. బ్రిటిషు, అమెరికను వ్యాపారులు నడిపిన మునిసిపల్ కౌన్సిలుది దానిమీద పెత్తనం. ఆ తర్వాత 1937లో జపాను దాడి చేసి నగరంలోని చైనా భాగాలన్నీ ఆక్రమించింది. రేవులో పాస్‌పోర్టులు చూసే చైనా అధికారులు పోయారు. వాళ్ళ స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టడానికి ఈ పెద్ద దేశాల్లో ఒకదానిమీద ఒకదానికి నమ్మకం లేదు. దాంతో ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. సామ్రాజ్యాలు పంచుకుని, కొట్టుకుని, పాడుచేసిన ఊళ్ళో మిగిలిన ఒక సందు అది. ఆ సందులోంచి వేలమంది ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ఊరి అసలు సొంతదార్లయిన చైనా ప్రజలను మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో ఎవ్వరూ ఒక్క మాట అడగలేదు. ఇది మనం మరచిపోకూడదు.

దిగడానికి వీసా అక్కర్లేకపోయినా, జర్మనీలోంచి బయటపడడానికి ఏదో ఒక వీసా చూపించాలి. ఇక్కడ నాకు ఎంతో గౌరవమున్న ఒక మనిషి కనిపిస్తాడు. హో ఫెంగ్‌షాన్. వియన్నాలో చైనా కాన్సల్ జనరల్. జర్మనీలోనే మ్యూనిక్‌లో డాక్టరేటు చేసినవాడు. అడిగినవాళ్ళందరికీ షాంఘై వీసాలు రాసిచ్చాడు. బెర్లిన్‌లోని చైనా రాయబారి, ఆయనకు పైఅధికారి, జర్మనీతో సంబంధాలు చెడతాయి, ఆపమన్నాడు. హో ఆపలేదు. కాన్సులేటు ఉన్న భవనం యూదులదని నాజీలు స్వాధీనం చేసుకుంటే, చిన్న చోటు చూసుకుని సొంత డబ్బుతో ఆఫీసు నడిపాడు. 1940 మేలో వియన్నా వదిలేదాకా ఆయన ఇచ్చిన వీసాలు వేలల్లో ఉంటాయి. వాటిలో చాలావాటితో జనం షాంఘై వెళ్ళనే లేదు. ఆ ముద్ర చూపించి జర్మనీ దాటి, ఎక్కడ దారి దొరికితే అక్కడికి పోయారు.

షాంఘై వెళ్ళేవాళ్ళు ఇటలీలో జెనోవాలోనో ట్రియెస్టేలోనో ఓడ ఎక్కేవాళ్ళు. సూయజ్ కాలువ దాటి, బొంబాయి, కొలంబో, సింగపూరు, హాంకాంగ్ మీదుగా దాదాపు నెల ప్రయాణం. బొంబాయి రేవులో ఆగిన ఓడలోంచి ఊరు కనిపించేది. కానీ బ్రిటిష్ ఇండియాలో ఉండిపోవాలంటే మళ్ళీ కాగితాలు కావాలి. అవి ఉన్న కొద్దిమందే ఇక్కడ దిగారు. మిగతావాళ్ళు ఓడలోనే ముందుకు సాగిపోయారు.

షాంఘైలో దిగాక వాళ్ళను లారీల్లో ఎక్కించుకుని హాంగ్‌కౌ అనే పేటకు తీసుకెళ్ళేవారు. 1937 యుద్ధంలో సగం కూలిపోయిన పేట అది. అక్కడ అద్దెలు తక్కువ. ఒక్క రూపాయి కూడా లేనివాళ్ళను పాత బడుల్లో, ఖాళీ బ్యారక్‌లలో ఉంచారు. ఒక్కో హాల్లో పదుల కొద్దీ మంచాలు, ఒకదాని మీద ఒకటి. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య అడ్డు ఒక దుప్పటి. నిన్నటిదాకా వియన్నాలో పేషెంట్లు క్యూ కట్టిన డాక్టరుగారు సూపు కోసం పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డాడు.

కాస్త డబ్బున్నవాళ్ళు సందుల్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆ సందుల జీవితం యూరప్ నుంచి వచ్చినవాళ్ళకు పూర్తిగా కొత్త. కుళాయి నీళ్ళు కాచకుండా తాగితే విరేచనాలు, టైఫాయిడ్. ప్రతిసారీ ఇంట్లో కాచుకోవాలంటే బొగ్గు ఖర్చు. అందుకని వీధి చివర వేడినీళ్ళ కొట్టు ఉండేది. పెద్ద పొయ్యిమీద రోజంతా నీళ్ళు మరుగుతూనే ఉంటాయి. ముందే కొనుక్కున్న వెదురు బిళ్ళ ఇస్తే కెటిల్లో ఒక గరిటెడు పోస్తారు. బొగ్గుపొడిని మట్టితో కలిపి ఉండలు చేసి, చిన్న కుంపటిలో వేసి, వీధిలో పెట్టి విసనకర్రతో విసరడం పక్కింటి చైనా ఆడవాళ్ళను చూసి నేర్చుకున్నారు. ఆ పక్కింటివాళ్ళలో చాలామంది కూడా యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ళే. శరణార్థి పక్కన శరణార్థి. చలికాలం తెల్లవారేసరికి వీధుల్లో ఆకలితో చచ్చిపోయిన చైనా పేదల శవాలు చాపల్లో చుట్టి ఉండేవి. యూదుల కష్టం గురించి చెప్పేటప్పుడు ఆ చాపల గురించి చెప్పకపోతే అది సగం సత్యమే అవుతుంది.

ఇంత దరిద్రంలోనూ చూషాన్ రోడ్డు చుట్టుపక్కల ఒక చిన్న వియన్నా లేచింది. కూలిన ఇళ్ళను ఇటుక ఇటుకా పేర్చి కట్టుకున్నారు. బేకరీలు, కాఫీ హోటళ్ళు, టోపీల కొట్లు, జర్మన్ పత్రికలు, నాటకాలు. పిల్లలకు బడి పెట్టించినవాడు హొరేస్ కదూరీ. ఈ కదూరీలు, ససూన్‌లు షాంఘైలో ఎప్పట్నుంచో స్థిరపడ్డ బాగ్దాద్ యూదులు. ససూన్ అన్న పేరు మనకు కొత్త కాదు. బొంబాయిలో ససూన్ డాక్, ససూన్ లైబ్రరీ ఆ కుటుంబానివే. బొంబాయి పత్తి, నల్లమందు వ్యాపారాల్లో సంపాదించి షాంఘైలో పెద్ద పెద్ద భవనాలు కట్టారు. ఆ కుటుంబానికి చెందిన విక్టర్ ససూన్ తన భవనమొకదాన్ని శరణార్థులు దిగగానే ఉండడానికి ఇచ్చాడు. ఆ ఊరి కూడళ్ళలో ట్రాఫిక్ నడిపించిన పోలీసుల్లో తలపాగాల సిక్కులు చాలామంది ఉండేవారు. వియన్నా పిల్లాడు చైనాలో రోడ్డు దాటడానికి పంజాబు మనిషి చెయ్యి ఊపేదాకా ఆగాల్సి వచ్చేది.

సంగీతం సంగతి కూడా చెప్పాలి. బెర్లిన్‌లో పెద్ద పెద్ద కళాకారుల సరసన వాయించిన వయొలిన్ విద్వాంసుడు ఆల్ఫ్రెడ్ విటెన్‌బర్గ్ షాంఘై చేరి అక్కడి విద్యార్థులకు పాఠం చెప్పాడు. యుద్ధమైపోయాక అందరూ వెళ్ళిపోయినా ఆయన వెళ్ళలేదు. 1952లో ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. చైనాలో ఆ తర్వాత తరం వయొలిన్ వాద్యకారుల్లో ఆయన శిష్యులున్నారు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో సముద్రపు దారి మూసుకుపోయింది. ఆ వేసవిలో లిథువేనియాలోని కౌనాస్ పట్నంలో పోలండు నుంచి పారిపోయి వచ్చిన యూదులు చిక్కుకుపోయారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఒకవైపు సోవియట్ సైన్యం, ఇంకోవైపు హిట్లర్. ఆ ఊళ్ళో ఫిలిప్స్ కంపెనీ వ్యవహారాలు చూసే యాన్ జ్వార్టెండైక్ అనే డచ్చి ఆయన ఉన్నాడు. అప్పుడే ఆయన్ని గౌరవ కాన్సల్‌గా కూడా నియమించారు. తమ వలస దీవి కురసావ్‌కు వెళ్ళడానికి వీసా అవసరం లేదని ఆయన పాస్‌పోర్టుల్లో రాసిచ్చాడు. దిగాలంటే అక్కడి గవర్నరు అనుమతి కావాలన్న సంగతి కావాలనే రాయలేదు. ఆ రాత చూపిస్తే జపాను వైస్ కాన్సల్ చియూనే సుగిహారా జపాను మీదుగా వెళ్ళే ట్రాన్సిట్ వీసా ఇచ్చేవాడు. వాళ్ళ ప్రభుత్వం పెట్టిన నిబంధనలు పక్కనబెట్టి, వారాల తరబడి చేత్తో రాస్తూ రెండు వేలకు పైగా వీసాలిచ్చాడు. అవి పట్టుకుని జనం సైబీరియా రైలెక్కి, వ్లాదివొస్తోక్ నుంచి ఓడలో జపాను చేరారు. అక్కడినుంచి ముందుకు దారి దొరకని వెయ్యిమందిని 1941లో జపాను షాంఘైకి పంపించింది. మీర్ అనే ఊరి యూదు వేదపాఠశాల గురువులతో, విద్యార్థులతో సహా మొత్తంగా అలాగే వచ్చింది. షాంఘైలో ఒక ప్రార్థనాలయంలో కూర్చుని, యుద్ధం ముగిసేదాకా చదువు ఆపలేదు.

1941 నవంబరులో జర్మనీ ఒక చట్టం చేసింది. దేశం బయట ఉన్న జర్మన్ యూదులకు ఇక జర్మన్ పౌరసత్వం లేదు. వాళ్ళ చేతిలోని పాస్‌పోర్టు ఒక్క రోజులో ఉత్త కాగితమైపోయింది. మరుసటి నెలలో పెర్ల్ హార్బర్ దాడితో పాటే షాంఘైలోని అంతర్జాతీయ సెటిల్‌మెంటు కూడా జపాను చేతిలోకి వెళ్ళింది. అమెరికా నుంచి వచ్చే సాయం ఆగిపోయింది. అమెరికా యూదుల సహాయ సంస్థ తరఫున ఆ ఊళ్ళో ఉన్న లారా మార్గోలిస్ అనే ఆవిడ జపాను అధికారుల దగ్గరికి వెళ్ళి, ఊళ్ళోనే అప్పు తీసుకోవడానికి అనుమతి సాధించింది. ఆ అప్పుతో వేలమందికి పూట గడిపింది. 1943లో శత్రుదేశపు పౌరురాలని ఆమెనూ నిర్బంధించారు.

1943 ఫిబ్రవరి 18న జపాను సైన్యం ఒక ప్రకటన వేసింది. 1937 తర్వాత వచ్చిన, ఏ దేశానికీ చెందని శరణార్థులందరూ మే 18లోగా హాంగ్‌కౌలోని ఒక ప్రాంతానికి మారిపోవాలి. చదరపు మైలు మించని ఆ చోట అప్పటికే దాదాపు లక్షమంది చైనీయులు కాపురముంటున్నారు. గోడ కట్టలేదు, ముళ్ళకంచె వెయ్యలేదు. వీధి మూలల్లో కాపలా పెట్టారు. బయట పని ఉన్నవాళ్ళు కానో గోయా అనే జపాను అధికారి దగ్గర పాసు తీసుకోవాలి. పొట్టిగా ఉండే గోయా తనని తాను యూదుల రాజునని చెప్పుకునేవాడు. గంటల తరబడి లైన్లో నిలబడ్డవాళ్ళను కారణం లేకుండా చెంపలు వాయించేవాడు, బల్ల ఎక్కి అరిచేవాడు. ఇంకో పూట మనసు మారి అడక్కుండానే పాసు ఇచ్చేవాడు. పాసు దొరికినవాళ్ళు ఒక బిళ్ళ బట్టలకు తగిలించుకుని తిరగాలి. ఉద్యోగం ఉన్నవాడికి పాసు లేకపోతే జీతం లేదు, జీతం లేకపోతే తిండి లేదు. ఒక మనిషి తిక్కమీద వేలమంది పొయ్యి వెలగడం ఆధారపడింది.

1945 జులై 17న అమెరికా విమానాలు హాంగ్‌కౌ మీద బాంబులు వేశాయి. ముప్పైమందికి పైగా శరణార్థులు, వందల సంఖ్యలో చైనీయులు చనిపోయారు. యూదు డాక్టర్లు, నర్సులు చైనీయుల గాయాలకు కట్లు కట్టారు. ఇళ్ళలో ఉన్న దుప్పట్లు చింపి గుడ్డపీలికలు చేసి ఇచ్చారు. చుట్టుపక్కల చైనీయులు డబ్బూ తిండీ తెచ్చి ఇచ్చారని ఆనాటివాళ్ళు గుర్తుచేసుకున్నారు.

నెల తిరిగేసరికి యుద్ధం ముగిసింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఆ తర్వాత తగిలింది. యుద్ధకాలంలో వాళ్ళకు ఇంటినుంచి కబురు వస్తే రెడ్‌క్రాస్ ద్వారానే వచ్చేది. 25 మాటలకు మించి రాయకూడదు. క్షేమం, ఆరోగ్యం, ముద్దులు. ఆ ఉత్తరాలు కూడా 1942, 43 నాటికి ఒక్కొక్కరికీ ఆగిపోతూ వచ్చాయి. ఎందుకు ఆగిపోయాయో ఎవరికీ తెలియదు. యుద్ధం అయ్యాక, శిబిరాల నుంచి బతికి బయటపడినవాళ్ళ జాబితాలు వచ్చి గోడలకు అంటించారు. పేరు పేరునా వేలితో వెతుక్కున్నారు. అమ్మ పేరు లేదు. అక్క పేరు లేదు. వాళ్ళ పిల్లల పేర్లు లేవు. తాము పడ్డ ఆకలీ అవమానమూ ఎలాంటి చావునుంచి తప్పించాయో చాలామందికి అప్పుడే తెలిసింది.

తర్వాత కొన్నేళ్ళలో దాదాపు అందరూ షాంఘై వదిలారు. మళ్ళీ వీసాలు, మళ్ళీ కోటాలు, మళ్ళీ లైన్లు. కొందరు అమెరికా, కొందరు ఆస్ట్రేలియా, కొందరు ఇజ్రాయెల్. 13వ యేట షాంఘై చేరిన మైకేల్ బ్లూమెంతాల్ 1947లో అమెరికా వెళ్ళి చదువుకుని, 1977లో ఆ దేశానికి ఆర్థికమంత్రి అయ్యాడు. ఆ తర్వాత బెర్లిన్‌లో, తనను తరిమిన ఊళ్ళో, యూదుల మ్యూజియానికి డైరెక్టరుగా పనిచేశాడు.

వీసాలు రాసిచ్చిన అధికారుల సంగతి చెప్పి ముగిస్తాను. సుగిహారాను జపాను విదేశాంగ శాఖ 1947లో ఇంటికి పంపించింది. హో ఫెంగ్‌షాన్ సర్వీసు రికార్డులో వియన్నాలో ఉండగానే పైవాళ్ళు ఒక మచ్చ పెట్టారు. ఆయన తైవాన్ ప్రభుత్వం తరఫున పనిచేసి 1973లో రిటైరైనప్పుడు, ఏవో లెక్కలు తేలలేదని పెన్షను ఆపేశారు. వియన్నాలో తాను చేసిన పని గురించి ఆయన ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు. 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 96 ఏళ్ళ వయసులో చనిపోయాక, కూతురు పాత కాగితాలూ పాత మనుషులనూ వెతుక్కుంటూ వెళ్తే ఆ వీసాల కథ బయటికొచ్చింది. యూదులను కాపాడిన ఇతర జాతుల వాళ్ళకు ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ ఇచ్చే గుర్తింపు ఆయనకు 2000లో దక్కింది. పెన్షను మాత్రం ఆయన బతికుండగా రాలేదు.

నమస్కారం.