పాటలో గాలికి ఏం పని?

ముందు ఇది వినండి.

(ఈల వేస్తూ)

గుర్తుపట్టారా? స్కార్పియన్స్ అనే జర్మన్ బ్యాండ్ పాట 'విండ్ ఆఫ్ చేంజ్' మొదట్లో వచ్చే ఈల ఇది. 1989 ఆగస్టులో ఆ బ్యాండ్ మాస్కోలో ఒక రాక్ ఉత్సవంలో పాడింది. ఆ ఊపులో బ్యాండ్ గాయకుడు క్లౌస్ మైనే ఈ పాట రాశాడు. 1990లో ఆల్బమ్ బయటికొచ్చేసరికి బెర్లిన్ గోడకు గండి పడిపోయింది. నాకు అందులో నచ్చేది ఏంటంటే, పాట గాలి గురించి, మొదలయ్యేదీ గాలితోనే. ఈలంటే పెదాల సందులోంచి జారే ఊపిరే కదా!

సరే, పనిలోకి దిగుదాం. కొత్తగా పాటలు రాసేవాళ్ల నోట్‌బుక్‌లో తప్పకుండా ఉండే లైను ఒకటి బోర్డు మీద రాస్తున్నా. "చల్లగాలి వీచెను, మనసు పులకరించెను." నేనూ ఇలాంటివి బోలెడు రాశాను, సిగ్గేం లేదు. ఇప్పుడు చల్లగాలిని కొట్టేసి వెన్నెల పెట్టండి. తేడా వచ్చిందా? రాలేదు. అంటే ఆ గాలి అక్కడ ఊరికే కూర్చుంది.

నిలిచిన పాటల్లో గాలికి ఒక పని ఉంటుంది. ఎల్టన్ జాన్ 1973 నాటి 'క్యాండిల్ ఇన్ ద విండ్'లో గాలి దీపానికి గండం. ఆ దీపం మార్లిన్ మన్రో. 1997లో డయానా చనిపోయినప్పుడు మాటలు మార్చి అదే పాట పాడారు. మనిషి మారినా దీపం, గాలి అలాగే సరిపోయాయి. ఇంకా వెనక్కెళితే, 12వ శతాబ్దంలో ధోయీ కవి సంస్కృతంలో 'పవనదూతం' రాశాడు. అక్కడ గాలి ప్రేమ కబురు మోసుకెళ్లే దూత.

మన లైను బాగుచేద్దాం. "తలుపు తీసుకుంది, నువ్వే అనుకుని లేచాను." గాలి అనే మాటే లేదు, చూశారా? అయినా తలుపు తోసింది ఎవరో తెలిసిపోతోంది. గాలి కంటికి కనపడదు కాబట్టి అది కదిపినదాన్ని చూపిస్తే చాలు.

కానీ ఆ మాటే కావాలనుకుంటే? అప్పుడు ఏ గాలి అన్నది ట్యూన్‌ని అడగాలి. చప్పట్లు కొడుతూ నాతో లెక్కపెట్టండి. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ఒత్తు ముందున్న అక్షరానికీ, సున్నా ఉన్న అక్షరానికీ రెండే.

గాలి. మూడు. తకిట. తిశ్రంలో, అంటే మూడు మాత్రల నడకలో, హాయిగా కూర్చుంటుంది. పిల్లగాలి అంటే రెండు తకిటలు.

తెమ్మెర. నాలుగు. తకధిమి.

సుడిగాలి. ఐదు. సుడి, గాలి... తక తకిట. ఖండం! మాటలోనే ఆ తిరుగుడు ఉంది.

ఈదురుగాలి. నాలుగూ మూడూ ఏడు. మిశ్రం.

అంటే తిశ్రం ట్యూన్ ఇచ్చినవాళ్ల దగ్గర ఈదురుగాలి కోసం పట్టుపట్టకండి, పాడేవాళ్లు తిట్టుకుంటారు.

ఇంకొకటి నాకు భలే ఇష్టం. మలయమారుతం. గాలి పేరూ అదే, చక్రవాక రాగంలోంచి పుట్టిన ఒక రాగం పేరూ అదే. మాత్రలు ఎనిమిది. రెండు తకధిమిలకు సరిపోవాలి కదా? కానీ మాట మలయ మూడు, మారుతం ఐదుగా విరుగుతుంది. రెండో తకధిమి మొదటి దెబ్బ సరిగ్గా 'మా' అక్షరం నడుమ పడుతుంది. దాన్ని సరిచేయాలని చూడకండి, ఆ జారుడు నాకైతే బాగుంటుంది. తాళం మీరు వేయండి, నేను పాడతాను.

(తంబూరా శ్రుతి మొదలవుతుంది)