తప్పు చెప్పుకునే చోటు

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం. పిలిచి మాట్లాడమన్నందుకు సంతోషం. ముప్పై ఏళ్ళు హ్యాంగర్లో విమానాల మెయింటెనెన్స్ చూసినవాణ్ణి. విమాన ప్రయాణం సురక్షితంగా, పొదుపుగా, పొగ తక్కువగా సాగడానికి ప్రభుత్వ పరిశోధన ఏం చేసిందో చెప్పమన్నారు.

నాసా అనగానే మనకు రాకెట్లే గుర్తొస్తాయి. కానీ ఆ పేరులో మొదటి ‘ఎ’ ఏరోనాటిక్స్‌ది, అంటే విమాన శాస్త్రానిది. విమానం రెక్క చివర పైకి వంగి ఉంటుంది చూడండి, అది వింగ్‌లెట్. రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. అందుకే కొసన గాలి పైకి పొర్లి సుడి తిరుగుతుంది, ఆ సుడి విమానాన్ని వెనక్కి లాగుతుంది. దాన్ని తగ్గించే ఆకారాన్ని 1970లలో నాసా లాంగ్లీ కేంద్రంలో రిచర్డ్ విట్‌కూంబ్ రూపొందించారు. దాంతో 7 శాతం దాకా ఎక్కువ దూరం వెళ్ళొచ్చని కేసీ-135 విమానం మీద పరీక్షల్లో తేలింది. ఇలాంటివి చాలా రాసుకొచ్చాను. కానీ మీ ముఖాలు చూశాక వేరే సంగతి చెప్పాలనిపిస్తోంది. ఆ కాగితం పక్కన పెడుతున్నాను.

1974 డిసెంబర్ 1. టీడబ్ల్యూఏ అనే అమెరికా ఎయిర్‌లైన్ కంపెనీ 514 విమానం వాషింగ్టన్ దగ్గర డల్లెస్ ఎయిర్‌పోర్టులో దిగాలి. కింద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ అప్రోచ్‌కి, అంటే రన్‌వే వైపు రావడానికి, క్లియరెన్స్ ఇచ్చారు. ఇక కిందికి దిగొచ్చని పైలట్లు అర్థం చేసుకున్నారు. కొండల ఎత్తు పైలట్లే చూసుకుంటారని కంట్రోలర్ అనుకున్నారు. విమానం వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండను ఢీకొంది. 92 మంది. ఒక్కరూ మిగల్లేదు.

అంతకు ఆరు వారాల ముందే యునైటెడ్ అనే మరో కంపెనీ విమానం ఒకటి అదే చోట, అదే మాటను అలాగే అర్థం చేసుకుని, కొద్దిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లకు చెప్పింది. టీడబ్ల్యూఏ పైలట్లకు మాత్రం ఆ మాట అందలేదు. ఆరు వారాలు, బాబూ! ఆరు వారాల ముందే తెలిసిన సంగతి!

ఆ తర్వాత అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ, ‘మీ పొరపాట్లు మాకు రాయండి’ అంది. లైసెన్సు రద్దు చేయగలిగిన వాళ్ళ చేతికే ఎవరైనా చీటీ రాసిస్తారా? అందుకే 1976లో ఆ పని నాసాకు అప్పగించారు. నాసా లైసెన్సు ఇవ్వదు, తీసెయ్యదు. పేరున్న ముక్కను వేరుచేసి, రాసినవాళ్ళకే తిప్పి పంపుతుంది. పొరపాటు కావాలని చేసింది కాకుండా, నేరమో ప్రమాదమో కాకుండా ఉండి, పది రోజుల్లోపు రాస్తే మామూలుగా ఎఫ్ఏఏ శిక్ష వేయదు. అలా లక్షల రిపోర్టులు వచ్చాయి. నా దృష్టిలో వింగ్‌లెట్ కన్నా ఇది పెద్ద పరిశోధన.

మా హ్యాంగర్లో ఒక మెకానిక్ ఉండేవాడు. నైట్ షిఫ్ట్ అయి ఇంటికెళ్ళాక, టార్చిలైటు ఇంజిన్ దగ్గర మర్చిపోయానేమోనని అనుమానం వచ్చి పరిగెత్తుకొచ్చాడు. తనే సూపర్‌వైజర్‌కి చెప్పాడు. విమానం ఆపి తెరిచారు. టార్చి దొరికింది. సాయంత్రానికి అతనికి సస్పెన్షన్ ఆర్డర్ చేతికిచ్చారు. అతను సంతకం పెట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. మర్నాటి నుంచి మా హ్యాంగర్లో ఎవరూ నోరు విప్పలేదు.

నేనూ విప్పలేదు. ఒకసారి నేను బిగించిన బోల్టు మీద నాకే అనుమానమొచ్చింది. రాత్రి ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, మళ్ళీ టార్క్, అంటే బోల్టు ఎంత బిగిందో, చూసి సరిచేసి వచ్చాను. విమానానికి ఏమీ కాలేదు. కానీ అనుమానం ఎందుకొచ్చిందంటే, ఆ మూల వెలుతురు చాలక రీడింగ్ సరిగా కనపడలేదు. నేను చెప్పి ఉంటే లైటు పెట్టేవాళ్ళు. చెప్పాలంటే ముందు నా పొరపాటు చెప్పుకోవాలి.

మీరు రేపు సూపర్‌వైజర్లవుతారు. టార్చి మర్చిపోయానని ఒకడు రొప్పుతూ మీ ముందుకొస్తే, ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. ఎక్కడ, ఎలా జరిగిందో అడగండి. దయచేసి మెమో పుస్తకం బయటికి తీయకండి.

నేను రిటైరైన రోజున కూడా ఆ మూల చీకటిగానే ఉంది.