మూడింటికల్లా బందయ్యే ప్రోగ్రామ్

నమస్తే. ఇవాళ్టి వీడియో నేను చేసిన తప్పు గురించే. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లుకి, కాంటా ఎక్కిన లారీ నంబరు ప్లేటును కెమెరాతో చదివే పైథాన్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. పొద్దున ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం మూడింటికల్లా మెమరీ నిండిపోయి సిస్టమ్ బిగుసుకుపోయేది. వరికోతల సీజన్, రోడ్డు దాకా లారీలు. గుమాస్తా ఫోన్: "తమ్మీ, మళ్ల బందైంది. రోజూ పగటిపూట ఒకసారి ఆపి చాలు చేస్త తియ్."

ఆయన చెప్పిన మందు పనిచేస్తుంది కూడా. నాకే నామోషీ.

మొదట పది నిమిషాలకోసారి జీసీ డాట్ కలెక్ట్ పెట్టాను, వాడకంలో లేని మెమరీని ఏరేయమని పైథాన్‌కి చెప్పే ఆదేశం. ఏమీ తగ్గలేదు. ఒక ఆబ్జెక్ట్‌ను ఎన్ని చోట్ల పట్టుకున్నారో పైథాన్ లెక్కపెడుతుంది, లెక్క సున్నా కాగానే వదిలేస్తుంది. జీసీ ఏరేది ఒకదాన్నొకటి పట్టుకుని, బయట ఎవరికీ అందకుండా మిగిలిపోయిన వాటిని. ఇక్కడ ఎవరో పట్టుకునే ఉన్నారు, అలాంటిదాన్ని జీసీ ముట్టదు.

అప్పుడు ట్రేస్‌మాలక్ తీశాను, ఏ లైన్ ఎంత మెమరీ తీసుకుందో లెక్కగట్టే పనిముట్టు. 3.4 వెర్షన్ నుంచి పైథాన్‌తోనే వస్తోంది. ప్రోగ్రామ్ మొదట్లోనే స్టార్ట్ చేసి, ఏడింటికో స్నాప్‌షాట్, ఎనిమిదింటికో స్నాప్‌షాట్ తీసి, లైన్ నంబర్ల వారీగా పోల్చాను. అన్నిటికన్నా పైన కెమెరా ఫోటో చదివే లైన్. గంటలో 360 ఎంబీ దాకా పెరిగింది.

ఆ లైన్‌ని ఎంతసేపు చూసినా తప్పు దొరకదు. ఎందుకంటే తప్పు అక్కడ లేదు! ట్రేస్‌మాలక్ మెమరీ ఎక్కడ పుట్టిందో చెబుతుంది, ఎవరి దగ్గర ఆగిపోయిందో చెప్పదు. నేను బోల్తా పడింది ఇక్కడే.

ఫోటో వెంట వెళ్లాను. అది ప్లేటు చదివే ఫంక్షన్‌లోకి పోతుంది, ఆ ఫంక్షన్ నెత్తిన ఫంక్‌టూల్స్ క్యాష్ డెకరేటర్, అంటే ఇచ్చిన ఫోటోనూ వచ్చిన జవాబునూ దాచిపెట్టుకుని, మళ్లీ అదే ఫోటో వస్తే పాత జవాబే ఇచ్చేది. కాంటా మీద అదే లారీ నిలబడి ఉంటే మళ్లీ మళ్లీ చదవడం ఎందుకని నేనే పెట్టాను, తెలివిగా. లారీ ఒకటే కానీ ఏ రెండు ఫోటోలూ బైట్ బైట్ ఒకేలా ఉండవు కదా. క్యాష్ ఇన్ఫో అడిగితే హిట్స్, అంటే దాచింది మళ్లీ పనికొచ్చిన సార్లు, 0; అప్పటికి లోపల దాచినవి 3,600 దాకా. రెండు సెకన్లకో ఫోటో, ఒక్కోటి 200 కేబీ, తొమ్మిది గంటలకి 3 జీబీ పైనే. మిల్లు కంప్యూటర్‌లో ఉన్నది 4 జీబీ.

ఎల్ఆర్‌యూ క్యాష్ వాడితే, చాలాసేపు వాడనివి తీసేస్తూ మామూలుగా 128 దగ్గరే ఆగుతుంది, నిజమే. హిట్ ఒక్కటీ లేనప్పుడు అదైనా దేనికి? డెకరేటర్ పీకేశాను. ట్రేస్‌మాలక్ కూడా తీసేశాను, అది ప్రోగ్రామ్‌ని నెమ్మది చేస్తుంది.

గుమాస్తా మాత్రం ఇప్పటికీ పగటిపూట ఒకసారి ఆపి చాలు చేస్తున్నాడట. అలవాటైందన్నాడు.