నీళ్లు నమలడం నేర్పేదెలా?

దృశ్యం 1: హైదరాబాద్‌లోని ఒక ఉన్నత పాఠశాల, ఎనిమిదో తరగతి. నల్లబల్లపై ‘నీళ్లు నమలడం’.

వ్యాఖ్యానం: జాతీయాన్ని బల్లపై రాసి, పక్కనే అర్థం చెప్పి, సొంతవాక్యం రాయమంటే చాలా నోటుపుస్తకాల్లో “అతడు నీళ్లు నమిలాడు” అనే కనిపిస్తుంది. వాక్యంలో తప్పేమీ లేదు. ఎవరి ముందు, ఎందుకు నమిలాడో మాత్రం తెలియదు. అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేస్తూ తెలంగాణలో 2018లో చట్టం వచ్చింది. ఇంట్లో ఉర్దూనో హిందీనో మాట్లాడే పిల్లలకు కూడా జాతీయాలు నేర్పవలసిన ఈ నగరంలో, అర్థం కంటే ముందు సందర్భాన్ని చూపాలి.

దృశ్యం 2: ఇద్దరు విద్యార్థుల నాటకం. వారిలో ఒకరిది సారు పాత్ర.

“హోంవర్క్ ఏదిరా?”
“అదీ... సార్... నిన్న మా అత్తమ్మోళ్లు వచ్చిండ్రు... కరెంటు కూడా...”
“నీళ్లు నములుతున్నవేందిరా? రాసినవా, లేదా?”

వ్యాఖ్యానం: ఇక్కడ నాటకాన్ని ఆపి, ఆ మాటను మొదటి ప్రశ్నలోనే పెట్టవచ్చా అని తరగతిని అడగండి. ఎందుకు పొసగదో పిల్లలే చెబుతారు. తరువాత పాత్రలు తారుమారు చేసి, అదే మాటను విద్యార్థి చేత సారుతో అనిపిస్తే గది గొల్లుమంటుంది. పెద్దలతో అలా అనరాదని విడిగా బోధించవలసిన పని ఉండదు. కొందరు ఉపాధ్యాయులు నిజంగానే నోట్లో నీళ్లు పోయించి నమిలిస్తారు. సరదాగానే ఉంటుంది కానీ, అక్కడితో ఆగితే పిల్లలకు ఆ వేషమే గుర్తుంటుంది, వాడుక ఒంటబట్టదు.

దృశ్యం 3: రెండు బల్లలు చేర్చిన రథం.

వ్యాఖ్యానం: ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ వంటి వాటికి కథ సిద్ధంగానే ఉంది. సారథి ఉంటే చాలు, కౌరవసేనను ఒక్కడినే గెలుస్తానని అంతఃపుర స్త్రీల ముందు కోతలు కోసిన విరాటరాజు కొడుకు, బృహన్నల రథం తోలుకుపోగానే ఎదుట సేనను చూసి, కిందికి దూకి కాలికి బుద్ధి చెబుతాడు. ఇది నటించాక, బ్యాటు చేతికిస్తే సిక్సర్లేనన్న కుర్రవాడు తొలి బంతికే వికెట్లు వదిలి పక్కకు తప్పుకొనే సన్నివేశాన్ని పిల్లల చేతే రాయించండి. ఆ జాతీయాన్ని సొంత జట్టు కెప్టెన్ అంటే విసుగు, ఎదుటి జట్టువాడు అంటే వెక్కిరింత. ఎవరి చేత అనిపించాలో వాళ్లే తేల్చుకోవాలి.

పరీక్షలోనూ చిన్న సంభాషణ ఇచ్చి, జాతీయం రావలసిన చోటు ఖాళీగా వదలవచ్చు. ‘నీళ్లు నమలడం’ రావలసిన చోట ఎవరైనా ‘నోరు వెళ్లబెట్టడం’ రాస్తే, మార్కులు తగ్గించే ముందు ఆ సన్నివేశాన్ని ఒకసారి నటించి చూపమనండి.